ప్రభ పక్కన నడిచిన కారు

1987 ఫిబ్రవరి 1, ఆదివారం

పొద్దున్నే గోవిందయ్య వచ్చాడు. తెల్ల ఖద్దరు, చేతికి కొత్త వాచీ. గుమ్మం బయట చెప్పులు విడిచి, టీచరమ్మగారూ, ఆరోగ్యం ఎట్టా ఉంది అని అడిగాడు. నా ఆరోగ్యం కనుక్కోవడానికి రైసుమిల్లు ఓనరు పేట దాకా స్కూటరేసుకుని రాడు. వీడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. చదివాడు అనడం మర్యాదకి. బెంచీ మీద కూర్చున్నాడు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

కాఫీ తాగాక అసలు పని చెప్పాడు. వాళ్ళమ్మ పోలేరమ్మకి ఎనభై దాటాయి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ప్రతి శివరాత్రికీ ఎడ్లబండి మీద నిలబెట్టే వాళ్ళ ఊరి వెదురు ప్రభతోపాటు కోటప్పకొండకి నడిచింది. ముందు కాదు, వెనక కాదు, పక్కన. అది ఆవిడ మొక్కు. కిందటేడు తుంటి విరిగింది. ఇప్పుడు మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అయినా ఈసారీ పోతానంటోందట. ట్రాక్టరు కుదుపుకి తుంటి ఓర్చదు. అంబాసిడర్లో కూర్చోబెడితే పైకప్పు అడ్డమొచ్చి ప్రభ కొన కనపడదు. కొన కనపడకుండా పోతే నేను పోయినట్టెట్టారా అని కొడుకుని నిలదీసిందట. కాబట్టి టాపు మడిచే బండి కావాలి. అట్లాంటిది పేట మొత్తానికీ ఒకటే ఉంది. గోవిందయ్యదే. కిందటి వేసవి నుంచీ మా అబ్బాయి మెకానిక్ షెడ్డులో టార్పాలిన్ కింద పడుకుని ఉంది.

ఒరేయ్ గోవిందూ, ఆ బండిని ఊళ్ళో ఏమని పిలుస్తున్నారో తెలుసా అని అడిగాను. తెలుసన్నట్టు తల దించుకున్నాడు.

కాఫీ హోటలు.

అదే రోజు, సాయంత్రం

బండి సంగతి కొంచెం రాసి పెట్టాలి. నాలుగేళ్ళ తరవాత ఇది చదివితే నాకే అర్థం కాదు.

గుంటూరు పొగాకు కంపెనీలో ఉండే ఒక దొర దేశం వదిలి పోతుంటే గోవిందయ్య నాన్న కొన్నాడు. 38 మోడలు, అమెరికా సరుకు, పడవంత పొడుగు. దాని ఇంజనుకి సూపర్‌చార్జర్ అని ఒకటి ఉంటుంది. మామూలు ఇంజను తనకి కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. దీనికలా కాదు. కొత్త అల్లుడికి అత్తగారు వద్దు వద్దన్నా వడ్డించినట్టు, సూపర్‌చార్జర్ గాలిని కూరి కూరి లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ, బలం ఎక్కువ, ఆ వెంటే వేడీ ఎక్కువ. కూరిన గాలి తనంతట తనే వేడెక్కుతుంది కూడా. సైకిలు పంపు కొట్టి దాని అడుగు పట్టుకున్నవాళ్ళకి ఆ ముక్క ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు మీద జోరుగా పోతుంటే ఎదురుగాలి రేడియేటర్లోంచి దూరి అంతా చల్లబరుస్తుంది. మనిషి నడకన పోతే ఎదురుగాలేదీ? నీళ్ళు మరుగుతాయి.

కిందటి వేసవిలో ఒక పెళ్ళి ఊరేగింపుకి అడిగి తీసుకుపోయారు. పెద్ద బజార్లో మరిగింది. పొగ చూసి బ్యాండు వాళ్ళు డ్రమ్ములు అక్కడే వదిలి పరుగెత్తారు. పెళ్ళికొడుకు దిగి నడిచాడు. మా అబ్బాయి జిలానీ తొందరపడి రేడియేటరు మూత తీసి ముంజేయి కాల్చుకున్నాడు. కాలింది చర్మం ఒక్కటే అయితే ఈపాటికి మానిపోయేది. మర్నాడు ఎవడో షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాశాడు, ఇచ్చట వేడి కాఫీ దొరకును అని. ఒక్క అక్షరదోషం లేదు. నా శిష్యుడే అయి ఉంటాడు.

ఫిబ్రవరి 2, సోమవారం

జిలానీ చెయ్యనన్నాడు. గోవిందయ్య మొహం మీదే అన్నాడు. నా కొడుకు మంచి మేస్త్రి. పల్నాడు రోడ్డు మీద పోయే లారీల్లో సగం వాడి చేతి మీద బతుకుతున్నాయి. కానీ ఆ టార్పాలిన్ వైపు తలతిప్పి చూడడు.

అప్పుడు మా ఖైరున్ లేచింది. ఖైరున్నీసా, జిలానీ ఒక్కగానొక్క కూతురు, ఇరవై ఏళ్ళది. ఇంటర్ పాసయ్యాక షెడ్డులోకి వచ్చింది. రమ్మని వాడనలేదు, వద్దని అనలేదు. స్పానర్లు అందిస్తూ అందిస్తూ ఇప్పుడు కార్బొరేటరు విప్పి కడుగుతోంది. నేను చేస్తా అంది.

పెద్ద బజార్లో నాకు జరిగిన మర్యాద చాల్లేదా, నీక్కూడా కావాల్నా అన్నాడు జిలానీ. ఈ పిల్ల అక్కడే నిలబడింది. అది వాళ్ళ తాత పద్ధతి. ఆయనతో కాపురం చేసినదాన్ని, ఆ నిలబాటు ముందు ఎవరూ గెలవరని నాకు తెలుసు. చివరికి వాడన్నాడు కదా, సరే చెయ్. కానీ శివరాత్రి నాడు జనం మధ్యలో మరిగిందా, స్పానరు కింద పెట్టి మీ అమ్మ పక్కన కూర్చుని జాకెట్లు కుట్టుకోవాలి. మళ్ళీ షెడ్డు మాట ఎత్తొద్దు.

ఆ పిల్ల ఒప్పుకుంది.

మరక్కపోతేనో అని నేను అడిగాను. వాడు పంచర్ టైరు వెతుక్కుంటూ బయటికి పోయాడు.

ఫిబ్రవరి 3, మంగళవారం

టార్పాలిన్ తీశారు. వెనక సీట్లో పిల్లి ఈని ఉంది. పని రేపటికి వాయిదా.

ఫిబ్రవరి 5, గురువారం

ఖైరున్ రేడియేటరు ఊడదీసి నా ముందు పెట్టింది. దాదీ, ఇది చూడు అంది. గొట్టాల్లోంచి చూస్తే వెలుతురు రావాలి. ఏమీ రాలేదు. పుల్ల పెట్టి గీకితే తెల్లటి పెచ్చులు రాలాయి.

సున్నం. ఇంకేముంటుంది? ఈ సీమలో నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. మన బావి నీళ్ళు పప్పు ఉడకనివ్వవు, సబ్బు నురగనివ్వవు, కాగులో అంగుళం మందాన పెంకు కడతాయి. ఆ నీళ్ళే చేదలకి చేదలు నలభై ఏళ్ళుగా ఈ బండికి పోస్తున్నారు. బండి మరుగుతోందని ఇంకా నీళ్ళు, ఆ నీళ్ళకి ఇంకా సున్నం, ఆ సున్నానికి ఇంకా మరగడం. ఈ పల్నాడులో తప్ప ఇంకెక్కడా ఇంత శ్రద్ధగా ఒక ఇంజను గొంతు పూడ్చరు.

యాసిడ్ పోద్దామా అని అడిగింది. వద్దు, రాగి గొట్టాలు తినేస్తుంది అన్నాను. కాగు పెంకు నేను దేనితో వదిలిస్తానో చూశావు కదా అన్నాను.

ఇద్దరం ఒకేసారి వంటింటి వైపు చూశాం.

ఫిబ్రవరి 8, ఆదివారం

సైదాబీకి, అంటే నా కోడలికి, నా మీద కోపం. ఏడాది చింతపండు జాడీలో సగం ఖాళీ. కారుకి పులుసు పెట్టిన కొంప పేటలో ఇదొక్కటేనంట. అవును, ఒక్కటే. గర్వంగానే ఉంది అన్నాను. ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

మూడు రోజులు నానబెట్టాం. చిక్కటి పులుసు వేడి చేసి పోయడం, తిప్పి వంచడం, మళ్ళీ పోయడం. ఇవాళ సాయంత్రం ఖైరున్ రేడియేటరుని ఎండకి ఎత్తి పట్టి నన్ను పిలిచింది. ప్రతి గొట్టంలోంచీ వెలుతురు వచ్చింది. జల్లెడలోంచి చూసినట్టు.

ఆ పిల్ల నవ్వు మొహాన అంతా గ్రీజు. తుడుచుకోమనలేదు నేను.

ఇంకో కొత్త నియమం కూడా పెట్టాను. ఆ బండికి ఇకనుంచి పచ్చి బావి నీళ్ళు పొయ్యకూడదు. కాచి, చల్లార్చి, అడుగున తేరిన సున్నం వదిలేసి, పైతేట వడగట్టి పొయ్యాలి. తాత్కాలిక కాఠిన్యం, తొమ్మిదో తరగతి పాఠం. ఇంట్లో మనుషులం పచ్చి నీళ్ళు తాగుతుంటే కారుకి కాచిన నీళ్ళా అంది సైదాబీ. నీకు రేడియేటరు ఉంటే నీకూ కాస్తానమ్మా అన్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

ఫ్యాను మార్చింది. పాత దానికి నాలుగు రెక్కలు, ఇది తుక్కు బస్సుది, ఆరు రెక్కలు. అయినా దానికి తృప్తి లేదు. ఫ్యాను వెనక అగరొత్తి పెట్టి పొగ ఎటుపోతుందో చూస్తూ కూర్చుంది. నమాజు టైమైంది లేవమని వచ్చిన సైదాబీ, కారుకి ధూపం వేస్తోందని భయపడి వెనక్కి పోయింది.

తేలిందేమంటే ఫ్యాను అంచుల పక్కనుంచి గాలి దొంగదారిన తిరిగి వచ్చేస్తోంది. రేడియేటరు మధ్యలోంచి తప్ప నాలుగు మూలల్లోంచి గాలి లాగడం లేదు. ఖైరున్ వేరుశనగ నూనె డబ్బాలు నాలుగు కోసి, రేకు వంచి, రేడియేటరుకీ ఫ్యానుకీ మధ్య గుండ్రంగా తొడుగు కట్టింది. ఇప్పుడు అగరొత్తి ఏ మూల పెట్టినా పొగ లోపలికే పోతోంది. ఇక ఫ్యానుకి వేరే దారి లేదు.

జిలానీ దూరంగా లారీ కింద పడుకుని పని చేసుకుంటున్నాడు. రేకు కోసిన చోట అంచు మడవకపోతే అదురుకి గొట్టం కోస్తుంది అని లారీకి చెప్పాడు. ఖైరున్ అంచు మడిచింది.

ఫిబ్రవరి 14, శనివారం

పరీక్ష. నడక వేగంలో పోవాలంటే ముందు నడిచేవాళ్ళు కావాలి. సాయంత్రం బర్రెలు ఇళ్ళకి మళ్ళే వేళకి బండి తీసుకుపోయాం. ఖైరున్ స్టీరింగు దగ్గర, నేను పక్కన. బర్రెలు మాకు దారి ఇవ్వలేదు, మేము అడగలేదు. ఊరి చివర నుంచి చెరువు కట్ట దాకా వాటి వెనకే. వేడి చూపే మీటరు ముల్లు సగంలో ఆగింది. కదల్లేదు.

బర్రెలు తోలే ఆదెయ్య వెనక్కి వెనక్కి చూస్తూ నడిచాడు. చివరికి ఆగి, ఏందమ్మా టీచరమ్మా, నా బర్రెలేమన్నా కొంటావా ఏంది, పొద్దుగాల నుంచి ఎనకే వస్తన్నారు అన్నాడు. పొద్దుగాల నుంచి కాదు, అరగంట. కానీ బర్రెల వెనక అరగంట అంటే అంతే మరి.

ఫిబ్రవరి 16, సోమవారం

మరిగింది.

రైలు గేటు దగ్గర. గూడ్సు కోసం గేటు వేశారు. ఇక్కడ గేటు పడగానే అందరూ ఇంజను ఆపుతారు. లారీలు, బస్సులు, లూనాలు, అన్నీ. పెట్రోలు దండగని. ఖైరున్ కూడా అలవాటు కొద్దీ ఆపింది. అప్పటిదాకా ముల్లు బుద్ధిగా ఉంది. ఆపిన కాసేపటికి అదే మెల్లగా లేచింది. నీళ్ళు బుడబుడమన్నాయి. గేటు లేచేసరికి మూత పక్కనుంచి ఆవిరి. వెనక బస్సు మొత్తం దిగి చూసింది. ఒకడు, అన్నా, రెండు కాఫీ, ఒకటి చక్కెర తక్కువ అని అరిచాడు.

ఖైరున్ మూత ముట్టుకోలేదు. గుడ్డ కప్పి చల్లారేదాకా నిలబడింది. జనం వైపు చూడలేదు. నేను చూశాను. ఒక్కొక్కడి మొహం గుర్తుపెట్టుకునేలా చూశాను. సగం మంది బస్సెక్కారు.

కబురు మాకంటే ముందు షెడ్డుకి చేరింది. జిలానీ మా మొహాలు చూసి మళ్ళీ లారీ కిందికి దూరాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఖైరున్ అన్నం తినలేదు. నేనూ తినలేదు, కానీ నాది ఉపవాసమని చెప్పుకున్నాను.

ఫిబ్రవరి 18, బుధవారం

పొద్దున పాలు కాస్తున్నాం. పొంగుకి వచ్చాయని సైదాబీ గిన్నె దించి కింద పెట్టింది. దించాక పొంగాయి. నేల మీదంతా పాలు. దించాను కదా, ఎందుకు పొంగాయి అని ఆవిడ గిన్నెని తిడుతోంది. గిన్నె అడుగు వేడి అని నేను నోరు తెరిచేలోగా ఖైరున్ పీట మీద నుంచి లేచింది. చెయ్యి కూడా కడుక్కోకుండా షెడ్డులోకి పరుగు.

ఇంజను ఇనుము నిండా వేడి ఉంది. తిరుగుతున్నంతసేపూ పంపు నీళ్ళని తిప్పుతుంది, ఫ్యాను గాలి లాగుతుంది. ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి, వేడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ వేడంతా నిలబడిపోయిన నీళ్ళ మీద పడుతుంది. అంటే బండి ఆగినప్పుడు ఇంజను ఆపకూడదు. ఆపకపోవడమే కాదు, చేతి థ్రాటిల్ కాస్త లాగి ఇంకొంచెం జోరుగా తిప్పాలి, ఫ్యాను గట్టిగా తిరిగేటట్టు. సూపర్‌చార్జర్ ఒళ్ళు కాలుతున్న వేడి బయటికి పోవాలంటే బానెట్ పక్క రేకులు కూడా తీసెయ్యాలి.

ఊరంతా చేసేదానికి సరిగ్గా తలకిందులు. మా ఇంటి ఆడపిల్లలకి అది కొత్త కాదు.

ఫిబ్రవరి 21, శనివారం

అదే గేటు, అదే గూడ్సు. ఇంజను ఆపలేదు. పక్క రేకులు తీసి డిక్కీలో పెట్టింది. ముల్లు లేచింది, ముప్పావు దగ్గర ఆలోచించింది, ఆగింది. గేటు తీశాక దిగిపోయింది. పెట్రోలు తగలబడిపోతందమ్మాయ్, ఆపు అని పక్క రిక్షా అతను బాధపడ్డాడు. పెట్రోలు గోవిందయ్యది అని చెప్పాను. అయితే పర్లేదన్నాడు.

గోవిందయ్య బండి చూడ్డానికి వచ్చి, పక్క రేకులు లేకపోతే పళ్ళూడినట్టుంది టీచరమ్మగారూ అని సణిగాడు. మీ అమ్మకి ఉన్నాయా పళ్ళు అని అడిగాను. లేవన్నాడు. మరి ఇద్దరికీ జోడీ బాగుంటుంది అన్నాను.

ఫిబ్రవరి 25, బుధవారం

రేపు శివరాత్రి. జిలానీ రానన్నాడు. షెడ్డులో లారీ పని ఉందట. అబద్ధం. లారీ నిన్ననే పోయింది.

ఫిబ్రవరి 26, గురువారం. శివరాత్రి. ఉదయం

బండిలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర. వెనక సీట్లో నేనూ పోలేరమ్మా, మా కాళ్ళ దగ్గర కాచిన నీళ్ళ క్యాన్లు. ఆవిడ పిట్టంత మనిషి. ఏమ్మాయ్, కాస్త ఆ దిండు ఇటు జరుపు అంటోంది నన్ను. నాకు అరవై ఐదు. అమ్మాయ్ అనిపించుకుని ఎన్నేళ్ళయిందో. దిండు జరిపాను.

ప్రభ లేచింది. మనుషులు తాళ్ళు పట్టి నిలబెడుతుంటే వెదురు కిర్రుమంది, రంగు గుడ్డలు గాలికి ఉబ్బాయి, అద్దాలు మెరిశాయి. తాటిచెట్టు దాని ముందు పొట్టి. పోలేరమ్మ తల పూర్తిగా వెనక్కి వంచి కొన దాకా చూసింది. ఆఁ, కనపడతంది, ఇంక పదండి అంది. ఎడ్లు కదిలాయి. మేము కదిలాం. పక్కన. ముందు కాదు, వెనక కాదు.

బయలుదేరే ముందు ఊరి ఆడవాళ్ళు బండికి పసుపు రాసి బంతి దండలు కట్టారు. రేడియేటరు ముందున్న ఇనప జాలీ అంతా దండలే. దాని మీద గోవిందయ్య ఊరి పేరు రాయించిన గుడ్డ బ్యానరు. పెళ్ళికూతురులా ఉంది. సైన్సు టీచర్ని, నేనూ బాగుందనే అన్నాను.

పదకొండు దాటింది

ముల్లు ముప్పావు దాటింది. ఎండ కూడా ఎక్కింది. ఖైరున్ వీపు చూస్తేనే నాకు తెలుస్తోంది. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయి. మెల్లగా వెనక్కి తిరిగి, దాదీ, దండలు అంది. అంతే అంది. నాకు తల మీద మొట్టినట్టయింది. ముక్కు మూసేశాం దాని. గాలి దూరే చోటంతా బంతిపూలు, పైన బ్యానరు.

తీసెయ్ అన్నాను. నేను తియ్యలేను అంది. చుట్టూ చూశాను. ప్రభ వెంట వెయ్యి మంది. స్వామికని కట్టిన దండలు. స్టీరింగు దగ్గర సాయిబుల పిల్ల. నాకు అర్థమైంది.

గోవిందయ్యని పిలిచాను. వాడు వినగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. కట్టిన దండలు కొండకి చేరకముందే తీస్తే ఊళ్ళో మాటొస్తది టీచరమ్మగారూ, అదీ ఈ పిల్ల చేత్తో అంటే అని గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదు. భయస్థుడు. ఎనిమిదో తరగతిలోనూ అంతే. నేను గొంతు తగ్గించలేదు. గోవిందూ, నీ ముక్కు మూసి కొండ దాకా పరిగెత్తిస్తాను, చేరాక మాట వస్తుందో ఊపిరి వస్తుందో చూద్దాం అన్నాను. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

పోలేరమ్మకి చెవుడు, సగమే వినపడింది. ఏందిరా గొడవ అంది. వాడు చెప్పాడు. ఆవిడ, ఒరేయ్, ఆ దండలు స్వామికి ఏశారా, ఈ రేకు డబ్బాకి ఏశారా అని అడిగింది. స్వామికేనమ్మా అన్నాడు. మరి స్వామి దగ్గరకి పొయ్యేది నేనా, ఇదా? తెచ్చి నా మెళ్ళో ఎయ్యండి. నేను మోసకపోతా. ఆ గుడ్డ కూడా ఇటు తే, ఎండ మాడ్చేస్తంది.

వేశారు. ఆ ఆడవాళ్ళే, కట్టినవాళ్ళే, ఒక్కొక్కటి విప్పి తెచ్చి, నవ్వుతూ, దణ్ణం పెట్టి మరీ వేశారు. ఇప్పుడు నా పక్కన బంతిపూల కుప్ప ఒకటి కూర్చుని ఉంది. పైన ఊరి పేరు ముసుగు. కుప్పలోంచి ముక్కూ రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి. కళ్ళు ప్రభ కొన మీద ఉన్నాయి.

ముల్లు దిగుతోంది. ఖైరున్ భుజాలు కూడా.

మధ్యాహ్నం

ఆగిపోయాం. దారికి అడ్డంగా కరెంటు తీగ. ప్రభ దాని కింద పట్టదు. లైను మనిషి ముందుపోయిన ఇంకో ప్రభ దగ్గర ఉన్నాడట, వచ్చి తీగ దించేదాకా కదలడానికి లేదు. ముందు ప్రభ, వెనక బళ్ళు, ట్రాక్టర్లు, బస్సులు, కనుచూపు మేర జనం. పైన ఎండ. ఎదురుగాలి లేదు, అసలు గాలే లేదు.

ఖైరున్ చేతి థ్రాటిల్ లాగింది. ఇంజను జోరుగా తిరుగుతోంది. అందరూ ఇంజన్లు ఆపేశారు కాబట్టి మాది ఒక్కటే ఆ నిశ్శబ్దంలో గర్జిస్తోంది. ఒకడు, ఆపమ్మా, చెవులు పోతన్నయ్ అన్నాడు. ఇంకొకడు, ఈ పిల్లకి బండి తెలవదు, ఆపకుండా తొక్కతంది అన్నాడు. కానిస్టేబులు వచ్చి లాఠీతో డోరు మీద కొట్టి, ఏమ్మా, చెప్తుంటే వినపడట్లా అన్నాడు. కాఫీ హోటలు మాట కూడా వినిపించింది.

ముల్లు ఎరుపు అంచుకి ఆనుకుని ఉంది. ఖైరున్ దాని మీద నుంచి కళ్ళు తియ్యలేదు. చెయ్యి థ్రాటిల్ మీద.

అప్పుడు ఒక చెయ్యి పక్కనుంచి లోపలికి వచ్చింది, తాళం వైపు. కాలిన మచ్చ ఉన్న చెయ్యి. పొద్దుటి నుంచి జనంలో మా వెనకాలే నడిచి వస్తున్నాడట మహానుభావుడు. మొహమంతా దుమ్ము.

ఖైరున్ ఆ మణికట్టు పట్టుకుంది. అబ్బాజీ, ఆపితే మరుగుద్ది అంది. అరవలేదు. చెప్పింది.

నా కొడుకు ముల్లు చూశాడు. ఇంజను చప్పుడు విన్నాడు. విప్పేసిన పక్కల్లోంచి సెగ మొహానికి కొడుతుంటే వంగి, ఫ్యాను తొడుగు చుట్టూ చూశాడు. ఎంతసేపు చూశాడో. తరవాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కానిస్టేబులు వైపు తిరిగి, ఆపదు సార్ అన్నాడు. ఎందుకు ఆపదయ్యా అన్నాడతను. ఆపకూడదు కాబట్టి ఆపదు. ఇది చేసింది ఆ పిల్ల. బండికి అడ్డం నిలబడినోళ్ళని తప్పుకోమనండి, గాలి రానీండి అన్నాడు. తనే చేతులు చాపి జనాన్ని బానెట్ ముందు నుంచి వెనక్కి నెట్టాడు. వాడి తువ్వాలు తీసి రేడియేటరు ముందు విసరడం మొదలుపెట్టాడు. దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. అయినా చెప్పలేదు నేను. ఖైరున్ కూడా చెప్పలేదు.

ముల్లు ఎరుపులోకి పోలేదు. అంచు మీద అలాగే నిలబడింది, మా పిల్లలాగా.

లైను మనిషి వచ్చాడు. తీగ దిగింది. ప్రభ కదిలింది.

సాయంత్రం, కొండ కింద

చేరాం. మరగలేదు. ఇంకోసారి రాస్తాను. మరగలేదు.

చుట్టూ ప్రభలే ప్రభలు. పోలేరమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. పోతూ పోతూ ఆగమని, చెయ్యి చాపి బానెట్ ముట్టుకుంది. అమ్మో, ఒళ్ళు కాలిపోతంది దీనికి, జరమా ఏంది అంది. లేదు అవ్వా, ఇంతే ఉండాలి దానికి, ఇదే ఆరోగ్యం అంది ఖైరున్. ఆవిడ ఈ పిల్ల మొహం పట్టుకుని దగ్గరగా చూసింది. మెళ్ళోంచి ఒక్క దండ కూడా తీసి ఇవ్వలేదు. ఇవి స్వామియి, నీకియ్యను, వచ్చే ఏడు నీకు చీర పెడతా, పెందలాడే రా అంది. వచ్చే ఏడు. ఎనభై దాటిన మనిషి.

నేను పాతికేళ్ళు పిల్లలకి మార్కులు వేశాను. నూటికి నూరు ఎవరికీ వెయ్యలేదు, అలవాటు చెడుతుందని. ఇవాళ ఆ నియమం పోయింది. ఆ పిల్లకి చెప్పలేదనుకో. ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇద్దరూ మధ్యాహ్నం దాకా నిద్రపోయారు, తండ్రీ కూతురూ. షెడ్డు తెరవలేదు. వచ్చినవాళ్ళందరికీ నేనే గుమ్మంలో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. కొంచెం ఎక్కువ చెప్పాను.

మార్చి 2, సోమవారం

జిలానీ పొద్దున్నే వడ్రంగిని పిలిపించాడు. లారీ బానెట్ ఖైరున్‌కి అందడం లేదట, ఎక్కి నిలబడటానికి గట్టి చెక్కబల్ల కావాలట, ఏళ్ళ తరబడి ఆగేటట్టు.